గోడ మీద మడమ గీతలు

నా కుడికాలికి వైద్యం చేయడానికి ఒక అమ్మాయి మా ఇంటికి రావడం మొదలుపెట్టి నిన్నటికి నెల రోజులైంది. నరసరావుపేటలో మా అబ్బాయి మేడ మీద, నా గదిలో చాప పరిపించి, నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, అరికాలికి నీలం రంగు రబ్బరు పట్టీ ఒకటి తగిలించి, దాని రెండు కొసలూ నా చేతికే ఇచ్చి, మీరే లాక్కోండి అమ్మమ్మా అంటుంది. తుంటి దగ్గర పుట్టి, తొడ వెనకగా దిగి, పిక్కలోంచి చిటికెనవేలి దాకా చురుక్కుమంటూ పాకే ఈ నొప్పికి సయాటికా అని పేరట. పేరేదైతేనేం, మన వైపు దాన్ని నరం పట్టడం అనే అంటాం. ఆ అమ్మాయి వన్, టూ, త్రీ అని లెక్కపెడుతూ మధ్యమధ్యలో ఫోను చూసుకుంటుంది. గట్టిగా లాగకూడదనీ, నొప్పి మొదలయ్యే చోటికి కాస్త ఇవతలే ఆగాలనీ, రోజూ కొద్దికొద్దిగా సాగదీస్తే నరం దానంతటదే దారికొస్తుందనీ చెబుతుంటే ఊఁ కొడుతుంటాను గానీ, ఇవన్నీ నాకు కొత్త కాదు తల్లీ, నలభై ఏళ్ళ కిందటే విన్నాను, విని ఒళ్ళు మండించుకున్నాను అని లోపల అనుకుంటాను. నా ఈడు ఆడవాళ్ళు ఇది చదివి నవ్వుకుంటే నవ్వుకోండి, దాచడమెందుకు, ఇంకొకరి నొప్పిని చూసి కుళ్ళుకున్న మనిషిని నేను. ఆ నొప్పి మా తోడికోడలిది.

మా అత్తవారిది గురజాల అవతల చిన్న పల్లె. ఇంట్లో గచ్చు నాపరాళ్ళే, అరుగు నాపరాళ్ళే, చివరికి దొడ్డి చుట్టూ నిలబెట్టిందీ నాపరాళ్ళే. చైత్రం వచ్చిందంటే ఆ రాళ్ళన్నీ పెనాల్లా కాలేవి. ఎనభయ్యో దశకం మొదలయ్యేనాటికే నేను ఆ ఇంటికి పెద్దకోడలినై ఆరేళ్ళు దాటింది. రెండు గేదెలు, పొద్దస్తమానం మండే పొయ్యి, పంట కారు వస్తే పత్తి తీత, ఆ తర్వాత మిరప కళ్ళం, ఇదీ నా బతుకు. మిరపకాయల ఘాటుకు తుమ్మి తుమ్మి ముక్కు ఎర్రబడినా, పెద్దకోడలు కళ్ళం దగ్గర లేకపోతే పని సాగదని పేరు తెచ్చుకున్నదాన్ని. అంత పేరు తెచ్చుకున్నా మా అత్తగారి నోట ఒక్క మెచ్చుకోలు మాట వినలేదు. ఆవిడ మనిషి నిటారు, మాట కరుకు. నా పురుళ్ళు రెండూ పుట్టింట్లోనే జరిగాయి కాబట్టి ఆవిడ చేత ఒళ్ళు కడిగించుకునే యోగం కూడా నాకు పట్టలేదు. ఒకసారి నాకు చలిజ్వరం వస్తే గుమ్మంలోనే నిలబడి, చారన్నం తిని పడుకోమని చెప్పి వెళ్ళిపోయింది. ఆవిడ ఎవరినీ చేత్తో తాకే మనిషి కాదని, చారన్నమే ఆవిడ ప్రేమ అని నేను సరిపెట్టుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ సరిపెట్టుకోవడంలో నాకు కొంత సుఖం కూడా ఉండేది.

తర్వాత మా మరిదికి పెళ్ళయి ఈపూరు వైపు నుంచి తోడికోడలు వచ్చింది. సన్నగా, నవ్వుమొహంతో, బియ్యంలో రాళ్ళేరమంటే మధ్యాహ్నం దాకా ఏరుతూ కూర్చునే పిల్ల. వచ్చిన రెండో ఏడు బోరింగు దగ్గర పాచి మీద కాలు జారింది. చంకలో నిండు బిందె, చేతిలో ఇంకో బిందె. ఆ రోజుకు మోచెయ్యి గీరుకుపోయిందంతే, లేచి నవ్వుకుంటూ ఇంటికొచ్చింది. పదిరోజులు తిరక్కుండానే కాలు కింద ఆనించలేక గుంజ పట్టుకుని కొంగలా నిలబడడం మొదలైంది. ఆముదపాకులు వెచ్చచేసి కట్టారు, తైలాలు రాశారు, ఏం లాభం లేకపోయింది. అప్పుడు పక్క ఊరినుంచి ఒక పెద్దాయన వచ్చి, కొరకంచుతో తుంటి మీద వాత పెడితే నరం వదులుతుందని, మా మామగారితో సహా అందర్నీ ఒప్పించాడు. మా అత్తగారు మాత్రం చేట పక్కన పెట్టి లేచింది.

“వాతలు గొడ్లకి పెట్టుకో పో. నా కోడలికి ఎవుడన్నా పెట్టాడా, చెయ్యి ఇరుగుద్ది,” అంది. మర్నాడే ఆ పిల్లను బస్సెక్కించుకుని నరసరావుపేట డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

తిరిగొచ్చాక, డాక్టరు ఏమన్నాడని అడిగితే, సాగదీయాలన్నాడని చెప్పారు. నాకు పకపకా నవ్వొచ్చింది. మన ఇళ్ళలో సాగదీయడమంటే గంటలో అయ్యే పనిని పూటంతా చేయడమే కదా! ఇన్నాళ్ళూ ఈవిడ సాగదీసింది చాలదా, ఇప్పుడు డాక్టరు చీటీ కూడా తెచ్చుకుందా అని మా ఆయన దగ్గర దెప్పాను. ఆయన నవ్వలేదు, నాకు ఇంకా మండింది. సంగతేమిటంటే, బరువులెత్తకూడదు, వంగకూడదు, పూటకోసారి వేడి ఉప్పుమూటతో కాపడం పెట్టాలి, రోజూ పొద్దున్నే వెల్లకిలా పడుకుని మోకాలు వంచకుండా కాలు మెల్లగా పైకి లేపాలి, నరం లాగడం మొదలయ్యే చోటికి వేలెడు ఇవతలే ఆగి, పది లెక్కపెట్టేదాకా అలాగే ఉంచి దించాలి. ఎక్కడ ఆగారో గోడ మీద గుర్తు పెట్టుకుని, వారానికొక వేలు మించి పైకి పోకూడదు. తొందరపడి లాగితే నరం తిరగబడుతుందని డాక్టరు మరీ మరీ చెప్పాడట.

ఆ మర్నాటి నుంచీ మా ఇంట్లో నేను కలలో కూడా అనుకోనిది మొదలైంది. నడవలో దీపం గూడున్న గోడ పక్కన చాప వేసి, తోడికోడలు పడుకునేది. మా అత్తగారు ఆ పిల్ల కాళ్ళ దగ్గర కూర్చుని, మడమను రెండు చేతుల్లోకి తీసుకునేది. పెద్దావిడ చిన్నదాని కాలు పట్టుకోవడమేమిటి? మన ఆచారంలో ఉందా అది? ఆ పిల్లకు మొదటి రోజు సిగ్గుతో ఏడుపొచ్చింది. తర్వాత్తర్వాత, కాలు దించగానే లేచి అత్తగారి పాదాలు తాకి కళ్ళకద్దుకుని ఆ పాపం కడుక్కునేది. అత్తగారేమో ధాన్యం కొలిచినట్టు లెక్కపెట్టేది. ఒకటి అనకూడదు కదా కొలతలో, అందుకని లాభం, రెండు, మూడు అంటూ మొదలుపెట్టి, ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని దాన్ని ఆరున్నొక్కటి అని దాటించి, పది దాకా వచ్చేది. మడమ ఎక్కడిదాకా లేచిందో అక్కడ వారానికోసారి బొగ్గుతో గోడమీద గీత గీసేది. వంటింట్లో పొయ్యి ఊదుకుంటున్న నాకు ఆ లాభం అన్న మాట చెవిన పడిందంటే చాలు, కడుపులో ఎవరో నిప్పులు ఎగదోసినట్టుండేది. ఎనిమిదేళ్ళు దాటిన చాకిరీలో నా నెత్తిన ఒక్కసారి పడని చేతులు, నిన్నగాక మొన్న వచ్చిన దాని మడమ కింద ఉన్నాయి.

ఆ తర్వాత వావిలాకు వేసి కాచిన నీళ్ళ స్నానం. ఆ నీళ్ళు కాచేది నేను. ఉప్పుమూట వేయించేది నేను. పట్టపగలు కోడలు నడుం వాల్చితే ఊరంతా చెప్పుకునే రోజుల్లో, ఆ పిల్ల అందరి ఎదుటా పడుకుంటే ఎవరూ కిక్కురుమనరు! ఒకరోజు నాకూ బుద్ధి పుట్టింది. నడుం పట్టుకుని, అమ్మో అంటూ గుంజకు ఆనుకున్నాను. మా అత్తగారు వచ్చి బొటనవేలితో నా వీపున నాలుగు చోట్ల పొడిచి, ఇక్కడా, ఇక్కడా అని అడిగింది. అన్నిటికీ అవునన్నాను.

“నీది నరం కాదులేవే, వాయువు. ఇంత వాము నవిలి నీళ్ళు తాగు,” అని వెళ్ళిపోయింది. చాప మీదనుంచి తోడికోడలు నవ్వాపుకోలేక, నవ్వితే నరం లాగి, మూలుగుతూ నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ పొడిచిన ఆ నాలుగు పొడుపులే నాకు దక్కిన వైద్యం. అవి కూడా చానా రోజులు గుర్తుపెట్టుకున్నానంటే మీరు నమ్ముతారా?

ఓర్వలేనిదాని నోరు ఊరుకుంటుందా? బోరింగు దగ్గర బిందె నిండేలోపు నలుగురి ముందూ అనేశాను, మా ఇంట్లో అత్తే కోడలి కాళ్ళు పట్టుకుంటోందని. కాళ్ళు పట్టుకోవడమంటే బతిమాలుకోవడమని, తప్పయిపోయిందని వేడుకోవడమని అందరికీ తెలిసిందే. చిన్నకోడలు అత్తను అంతగా లొంగదీసిందని ఊళ్ళో చెప్పుకోవాలని నా ఎత్తు. సాయంత్రానికల్లా ఆ మాట తిరిగి తిరిగి మా గుమ్మంలోకే వచ్చింది. అత్తగారు ఎవరన్నారని ఆరా తీయలేదు. అరుగు మీద కూర్చుని, వీధికి వినబడేటట్టు, “పట్టుకుంటా. అది నడిచేదాకా పట్టుకుంటా. ఎవురికేంది నొప్పి?” అంది. వంటింట్లో నేను గిన్నెలు గట్టిగా తోముతూ కూర్చున్నాను.

మూడు నెలలు తిరిగేసరికి గోడ మీద పన్నెండు గీతలయ్యాయి. మొదటి గీత నేలకు జానెడెత్తున ఉంటే, పన్నెండోది దీపం గూటికి నాలుగు వేళ్ళ కిందికొచ్చింది. ఆ పిల్ల గోడ పట్టుకుని వాకిలి దాకా వెళ్ళి వస్తోంది. ఇంకో రెండు మూడు నెలలు ఇలాగే చేస్తే కత్తి పెట్టే పని లేకుండా మామూలు మనిషవుతుందని డాక్టరు అన్నాడట. పడుకునున్న మనిషికి గీత ఎక్కడ పడిందో సరిగ్గా తెలియదు. గీసేది అత్తగారు. పోతూ వస్తూ ఆ గీతల్ని రోజూ చూసేదాన్ని నేను. మసిబొగ్గు గీతల్ని చూసి కుళ్ళుకునే మనిషి లోకంలో ఇంకొకరు ఉంటారా?

ఉగాది ఇంక వారం ఉందనగా రొంపిచెర్లలో మా ఆడబిడ్డకు పురిటి నొప్పులని కబురొచ్చి అత్తగారు బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ, పండగకు ఇంటికి సున్నం వేయించమని, నడవలో ఆ ఒక్క గోడ జోలికి మాత్రం పోవద్దని నాకే చెప్పింది. చిన్నకోడలికి చెప్పిన జాగ్రత్తలన్నీ దాని కాలు గురించే. నాకు చెప్పినదీ దాని గోడ గురించే. ఇల్లంతా ఒక పూత వేశాక, సున్నం తొట్టి ముందు కుంచె పట్టుకుని కూర్చున్నాను, ఆ మాటే చెవిలో తిరుగుతోంది. ఎప్పుడు లేచానో, తోడికోడలు దొడ్లోకి వెళ్ళిన సమయం చూసి ఆ గోడకు సున్నం కొట్టేశాను. బొగ్గు ఒక పూతకు పోలేదు. రెండో పూత వేశాను. పన్నెండు గీతలూ పోయాయి. ఆ క్షణంలో నాకు కలిగిన చల్లదనం ఇప్పటికీ గుర్తుంది, అదీ నా సిగ్గు.

మర్నాడు పొద్దున అత్తగారు లేదు కాబట్టి ఆ పిల్లే పాత చీర పేలిక అరికాలికి తగిలించుకుని పడుకుంది. గోడ చూసి మొహం పాలిపోయింది.

“అక్కా, గీత యాడిదాకా ఉండేది?” అని మాత్రం అడిగింది.

గూటికి నాలుగు వేళ్ళు కింద అని నాకు తెలుసు. కళ్ళు మూసుకుని చూపించగలను. “నేనేమన్నా దానికి కాపలా కూచున్నానా ఏందే?” అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. మూడు నెలల కష్టం ఎక్కడ వెనక్కి పోతుందోనని భయపడింది కాబోలు, గీత గూటి అంచుదాకా ఉండేదనుకుని అక్కడికి లాగింది. ఆ కేక వంటింటిదాకా వినబడింది. వెళ్ళి చూస్తే చాప మీద మెలికలు తిరుగుతోంది. మధ్యాహ్నానికి పాదం మొద్దుబారింది. బొటనవేలు పైకి లేపమంటే లేవలేదు. మంచం మీదనే నరసరావుపేట తీసుకుపోయారు. నలభై రోజులు కదలకుండా ఉంచి చూడాలి, అప్పటికీ వేలు లేవకపోతే గుంటూరులో ఆపరేషను, దాని తర్వాత కూడా నడుస్తుందో లేదో చెప్పలేనని డాక్టరు అన్నాడు. ఆ పిల్లకు అప్పటికి ఇరవై రెండేళ్ళు.

రొంపిచెర్ల నుంచి అత్తగారు వచ్చీ రాగానే గోడ చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆ గోడకు సున్నం ఎవరేశారని ఆవిడ అడిగితే, మంచం మీదనుంచి తోడికోడలే, “నేనే ఎయ్యమన్నా అత్తా, పండగపూట మసిమసిగా ఉందని,” అంది. పాపం అమాయకురాలు, నేను కావాలని చేశానని దీనికి తట్టలేదు అనుకున్నాను. అనుకుని, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

ఆ నలభై రోజులూ నేను నీళ్ళు కాచాను, కాపడం మూటలు వేయించాను, బట్టలుతికాను. మొక్కని దేవుడు లేడు, అమరావతి వచ్చి కృష్ణలో మునిగి అమరేశ్వరుడికి అభిషేకం చేయిస్తానన్నాను. కానీ ఆ పిల్ల పాదం పట్టుకోవడానికి మాత్రం నాకు చెయ్యి రాలేదు. పైగా, నిజం నిజంలాగే చెప్పాలి, అత్తగారు మంచం పక్కనే చాప వేసుకుని దాని కాలు ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తుంటే, ఆ భయంలో కూడా నాకు అసూయ పోలేదు. ముప్ఫై ఆరో రోజో ఏడో రోజో, అత్తగారు పెద్దగా పిలిస్తే పరిగెత్తాను. బొటనవేలు గింజంత పైకి లేచి ఆడుతోంది. తోడికోడలు ఏడుస్తూ నవ్వుతోంది. మళ్ళీ గోడ పక్కన చాప పడింది, మళ్ళీ లాభం, రెండు, మూడు మొదలయ్యాయి. కాలు జానెడు లేచిన చోట ఆపి, అత్తగారు బొగ్గుముక్క నా చేతికిచ్చి, ఈసారి నువ్వు గియ్యి అంది. ఆవిడకు తెలుసునా లేదా అన్నది ఆవిడతోనే పోయింది. ఆ రోజు నుంచీ గీతలన్నీ నేనే గీశాను. పత్తి తీతల నాటికి మడమ ఆ పాత చోటును, గూటికింద నాలుగు వేళ్ళను, దాటింది. సంతోషంతో ఆ గీతను రెండుసార్లు గీశాను. ఆ పిల్ల అత్తగారి భుజం పట్టుకుని లేచి నిలబడితే మాత్రం మళ్ళీ కుళ్ళుకున్నాను.

తర్వాత వేరు కాపురాలయ్యాయి. వాళ్ళు మాచర్లలో స్థిరపడ్డారు, మేము పిల్లల చదువులకని నరసరావుపేట వచ్చాం. అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. నాకు నరం పట్టిందని విని, మొన్న ఆదివారం తోడికోడలు బస్సు దిగి, రెండంతస్తుల మెట్లూ ఎక్కి, ఆయాసం కూడా లేకుండా నా గదిలోకి వచ్చింది. నాకంటే ఏడేళ్ళు చిన్నదేననుకోండి, అయినా ఆ వయసులో ఆ నడుం నిటారు ఏమిటి! ఇప్పటికీ ఒక్క రోజు మానకుండా సాగదీస్తుందట. నేను చెయ్యి ఆనించకుండా మంచం దిగలేనిదాన్ని, చూడగానే నా కడుపు మళ్ళీ భగ్గుమంది.

నా రబ్బరు పట్టీని తీసి పక్కన పడేసి, “దీనికేం తెలుసుద్దక్కా నీ నొప్పి,” అంటూ చాప మీద కూర్చుని నా మడమను రెండు చేతుల్లోకి తీసుకుంది. అచ్చం అత్తగారి పట్టే. లాభం, రెండు, మూడు అంటూ మొదలుపెట్టింది. రోజూ ఆ అమ్మాయి వన్, టూ అంటున్నప్పుడు నాకేం కొరవగా ఉండేదో అప్పుడు తెలిసింది. ఆరున్నొక్కటి దగ్గర నరం చురుక్కుమనబోయింది, నేను చెప్పేలోపే తను ఒక వేలు దించింది. పది అయ్యాక నా కళ్ళజోడు పక్కనున్న పెన్సిలు తీసుకుని, మా అబ్బాయి ముచ్చటపడి వేయించిన రంగుగోడ మీద గీత గీసింది. గీసి, నా వైపు చూసి నవ్వింది.

“దీనిమీద సున్నం ఎయ్యమాక అక్కా.”

“నీకు తెలుసా ఏందే?” అన్నాను.

“తెలవకేం? ఇల్లంతటికీ ఒక్క పూతేసి, ఆ గోడకి రెండేశావు గదా. నీ కుచ్చెళ్ళ నిండా సున్నమే.”

“మరి అత్తకెందుకు చెప్పలేదే?”

“నా కాలు పట్టుకునేదానికి అత్త ఉందిగా. చెబితే నీకెవురుంటారక్కా ఆ ఇంట్లో?”

ఇన్నేళ్ళూ దాని నొప్పిని చూసి, దాని గీతల్ని చూసి, దాని నడకను చూసి కుళ్ళుకున్నాను. ఇప్పుడు ఇంత మాటను నలభై ఏళ్ళు కడుపులో పెట్టుకున్న దాని ఓర్పును చూసి కుళ్ళుకోవలసి వచ్చింది. ఈ బుద్ధి నాతోనే పోవాలి కాబోలు. ఆ రోజుల్లో ఏటేటా ఉగాదికి సున్నం పడేది, దాని కింద ఏముందో ఎవరూ గీకి చూడలేదు. ఇప్పటి గోడల రంగు పదేళ్ళయినా చెక్కుచెదరదట, ఏం గీసినా తడిబట్టతో తుడిస్తే పోతుందట. పోయేదేదో ఉండేదేదో నాకు తెలియడం లేదు. ఆ పెన్సిలు గీతను మాత్రం ఎవరూ తుడవొద్దని మా ఇంట్లో అందరికీ చెప్పాను. కొలిచే చేతుల్ని పక్కన పెట్టి రబ్బరు పట్టీలు కొనుక్కుంటున్న కాలం ఇది, ఇంట్లో మనిషి కాలు ఒళ్ళోకి తీసుకోవడానికి ఎవరికి తీరిక ఉందని.

లేవబోతున్న తోడికోడలిని కూర్చోమన్నాను. నీ కాలు కూడా ఇలా పెట్టు, ఇవాళ నేను లెక్కపెడతాను అన్నాను. పెద్దదానివి, తప్పక్కా, అంటూ పాదం వెనక్కి లాక్కుంది. తప్పే, ఆ తప్పు మన అత్త చెయ్యలేదా అన్నాను. బోరింగు దగ్గర ఎగతాళికి అన్న ఆ మాట, కాళ్ళు పట్టుకోవడమన్న మాట, నాకోసమే అన్నట్టు ఇన్నేళ్ళకు తిరిగి నా గుమ్మంలోకి వచ్చింది. ఆ మడమను ఒళ్ళోకి తీసుకున్నాను. గరుకుగా, వెచ్చగా ఉంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, లాభం అన్నాను.